బోర్డు పోయిందని ముందే తీర్మానించకు

చి. కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు.

షాపులో కంప్యూటర్ సిస్టమ్ ఆన్ కావట్లేదని, మీ ఊరి మెకానిక్ చూసి మదర్‌బోర్డు, అంటే లోపల అన్ని భాగాలూ తగిలించే పెద్ద బోర్డు, పోయిందన్నాడని రాశావు. ఏం చూసి అలా అన్నాడో మాత్రం రాయలేదు. డిస్‌ప్లే రాకపోతే చాలు, బోర్డు మీదికి నెట్టేయడం మా లైన్లో చాలామందికి అలవాటు. 2012 నాటి బోర్డు పోవడం వింతేమీ కాదనుకో. అయినా అనుమానాల వరసలో దాన్ని ఆఖర్న పెట్టు.

ముందు ర్యామ్, అదే మెమరీ స్టిక్కులు చూడు. మీది ఎరువుల షాపు. గాల్లో తేలే ఆ పొడి తేమ పీల్చుకుని కాంటాక్టుల మీద పట్టేస్తుంది, కొన్నాళ్లకి లోహాన్నే తినేస్తుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదులు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనించాకే లోపల ముట్టుకో. ర్యామ్ తీసి, కింది బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్కో స్టిక్కుని ఒక్కో స్లాట్‌లో విడివిడిగా పెట్టి చూడు. మా దగ్గరికి బోర్డు పోయిందంటూ వచ్చే సిస్టమ్‌లు ఎన్నో ఈ రబ్బరుతోనే లేచి ఇంటికెళ్తాయి.

తర్వాత ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా. ఎవరిదైనా బాగా పనిచేస్తున్నది ఒకటి అడిగి తెచ్చి తగిలించి చూడటమే ఉత్తమం. దాని పెద్ద కనెక్టర్‌లోని పచ్చ వైరుని నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టేనంటారు. తిరక్కపోతే అది పోయినట్టే, కానీ తిరిగినంత మాత్రాన సిస్టమ్ మొత్తం లోడ్ పడ్డప్పుడు సరైన ఓల్టేజ్ ఇస్తుందని కాదు. దాని డబ్బా మాత్రం విప్పకు, ప్లగ్ తీసినా లోపల షాక్ కొట్టేంత నిలవ ఉంటుంది. బోర్డు మీద గుండ్రటి సెల్ కూడా మార్చు, సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే, లేదా ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే, ఆ మెకానిక్ మాటే నిజం.

ఇక కొనే సంగతి. నువ్వు పంపిన ఫోటోలో ప్రాసెసర్ ఐ5-3470. థర్డ్ జనరేషన్, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 1155 రకం. దానికి 1155 బోర్డే కావాలి. 1150 అయినా 1151 అయినా సరిపోతుందని ఎవరైనా అంటే ఆ షాపులోంచి బయటికొచ్చెయ్. ర్యామ్ కూడా డీడీఆర్3 వేసుకునే బోర్డే చూడాలి. 1155లో హెచ్61 రకం బోర్డులు కొత్తవి ఇంకా దొరుకుతున్నాయి. బీ75 రకం దొరికితే నేనైతే అదే తీసుకుంటాను, అందులో యూఎస్‌బీ 3 కూడా ఉంటుంది. హెచ్61లో తొలిరోజుల బోర్డు అయితే బయోస్ (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తే గానీ థర్డ్ జనరేషన్‌ని గుర్తించదు. అందుకని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో మరోచోటో సెకండ్ హ్యాండ్ తీసుకుంటే, నీ ప్రాసెసర్ వేయించి డిస్‌ప్లే చూశాకే డబ్బులివ్వు. అంతకంటే ముందు ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి సాకెట్ లోపల చూడు. పిన్నులన్నీ ఒకే తీరున మెరవాలి. ఎక్కడైనా ఒక్క చుక్క వేరే వైపు మెరిసిందంటే పిన్ను వంగినట్టే, ఆ బోర్డు వద్దు.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తవి వేయిద్దామా అని బావ అడిగాడన్నావు. ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ సిస్టమ్ బిల్లింగ్‌కే అయితే పాత సాకెట్ బోర్డుతో సరిపెట్టేయండి. బ్యాంకు లాగిన్, జీఎస్‌టీ రిటర్నులు కూడా ఇందులోనే అయితే నా ఓటు కొత్తదానికే. లేదంటే ఆ రెండు పనులూ నీ ల్యాప్‌టాప్‌లో చేసుకోండి.

విప్పే ముందు ప్రతి వైరునీ దగ్గర నుంచి ఫోటో తియ్యి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కూలర్‌కి నాలుగు మూలలా పిన్నులుంటాయి, తలల మీది బాణం చూపించే వైపు తిప్పి పైకి లాగితే వచ్చేస్తాయి. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కి చేర్చే పూత) పూర్తిగా తుడిచి, కొత్తది శనగ గింజంత చాలు. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల్లో నొక్కు, ఒక్కొక్కటీ టిక్కుమనాలి. తర్వాత బోర్డు తిరగేసి చూడు. తెల్ల కాళ్లు నాలుగు చోట్లా విచ్చుకుని, మధ్యలో నల్ల ముల్లు కనిపించాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా ప్రాసెసర్ వేడెక్కి సిస్టమ్ దానంతట అదే ఆగిపోతుంది, నువ్వేమో కొత్త బోర్డు బాలేదనుకుంటావు.

వెంటనే క్యాబినెట్‌లో పెట్టెయ్యకు. అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, ఒక ర్యామ్, మానిటర్ మాత్రమే తగిలించి డిస్‌ప్లే వస్తుందో లేదో చూసుకో. పెద్ద 24 పిన్ కనెక్టర్ కాక, ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల చిన్నది ఇంకోటి ఉంటుంది. దాన్ని మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు, మనకి టెన్షన్. క్యాబినెట్‌లో బోర్డు కింద ఇత్తడి స్టాండ్‌లు బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి, ఎక్కువైనది ఏదైనా ఉంటే తీసెయ్, వెనక తగిలి షార్ట్ అవుతుంది. ముందు బటన్ల సన్న వైర్లకి బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పవర్ స్విచ్‌ని ఎటు పెట్టినా ఫరవాలేదు, లైట్లకి మాత్రం ప్లస్ మైనస్ చూసుకోవాలి.

విండోస్ మొదలై మధ్యలో నీలం తెర వస్తే ఫార్మాట్ అనే మాట ఎత్తకు. బయోస్‌లో సాటా మోడ్ అని హార్డ్ డిస్క్ సెట్టింగ్ ఉంటుంది, అది ఐడీఈలో ఉంటే ఏహెచ్‌సీఐకి, అందులో ఉంటే ఐడీఈకి మార్చి చూడు, చాలాసార్లు లేస్తుంది. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయమని అడగొచ్చు, ఏ ఈమెయిల్‌తో కొన్నారో దాని పాస్‌వర్డ్ బావ దగ్గర తీసుకుని ఉంచుకో. అన్నిటికంటే ముందు, పని మొదలుపెట్టేలోపు ఆ హార్డ్ డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, టాలీ డేటా ఫోల్డర్ నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకో.

ర్యామ్ తుడిచాక ఏమైందో సాయంత్రం ఫోన్ చెయ్, ఏడు దాటాక అయితే షాపులో రద్దీ ఉండదు. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య