కాళ్ల సంగతి సరే, మాటల సంగతి చూసుకోండి

కొత్తపేట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నలుగురు ఆడపిల్లలు ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా నడిచి వెళ్తామన్నారని మీ అమ్మ నిన్న ఫోనులో అరగంట సేపు వాపోయింది. నిన్ను ఎలాగైనా ఆపమంది. ముప్పై ఏళ్లు ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా గట్ల మీద తిరిగినవాణ్ని, నడవవద్దని ఏ నోటితో చెప్పను? ఆపను. కానీ నువ్వు రాసి పంపిన పట్టిక చూశాక నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున ఐదు రోజులని రాశావు. ఫోను చూపించే దూరం తారు రోడ్డు దూరం. మీరు నడుస్తామంటున్నది ఏటిగట్టు మీద. ఏరు ఎటు తిరిగితే గట్టూ అటే తిరుగుతుంది. పైగా ఆ పట్టికలో మనుషులకు చోటు లేదు. మన సీమలో గట్టు మీద నలుగురు కొత్తవాళ్లు సంచులు తగిలించుకుని వెళ్తుంటే ఎవరూ ఊరుకోరు. “మీరెవరి తాలూకండీ?” అంటారు. తర్వాత “మొక్కుందా అమ్మా?” అంటారు. మొక్కు లేదంటే “మరి బస్సుందిగా!” అంటారు. లేని మొక్కు ఉందని మాత్రం చెప్పకు. గోదావరి చూసుకుంటూ వెళ్తున్నామని చెప్పు, సరిపోతుంది. ఎవరి తాలూకో చెప్పేసరికి, వాళ్ల బావమరిది అత్తవారి ఊరు మీ నాన్నగారి ఊరే అయి ఉంటుంది. ఇక భోజనం చేయకుండా కదలనివ్వరు. నా లెక్కలో ఈ దారిలో ఎండ కన్నా, కుక్కల కన్నా ఎక్కువ ఆలస్యం చేసేవి ఈ మర్యాదలే. వాటికోసం ఒక రోజు అదనంగా వేసుకో. ఐదు కాదు, ఆరు రోజులు.

దారి సంగతి నీకు తెలిసినదే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. మీరు దాటబోయేది దాని బదులు కట్టి 1982లో పూర్తి చేసిన బ్యారేజీ. మధ్యలో లంకలున్నాయి కాబట్టి అది ఒక్క వంతెనలా అనిపించదు. వాహనాల రద్దీ మొదలవకముందే, తెల్లవారుతుండగానే దాటేయండి. బొబ్బర్లంకలో మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. ఆత్రేయపురం, రావులపాలెం, మా కొత్తపేట, గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది. ఏ రాత్రి ఎక్కడ ఉండాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. రెండో రాత్రి మాత్రం మా ఇంట్లోనే, అందులో బేరం లేదు.

కాళ్ల గురించి ఎక్కువ చెప్పను. బూట్లు కొత్తవి వద్దు, నెల రోజులు తొడిగి నలిగినవి కావాలి. రాత్రి పడుకునే ముందు పాదాలకు కొబ్బరినూనె, వేళ్ల సందుల్లో కూడా. మాఘమాసంలో తెల్లవారుజామున మంచుకు గట్టు మీద గడ్డి జారుతుంది, ఒక కర్ర ఉంచుకోండి. దాళ్వా (రెండో పంట వరి) చేల పక్కన ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట పాములుంటాయి. కర్ర తాటిస్తూ నడిస్తే వాటి దారిన అవి పోతాయి. చీకటి పడ్డాక గట్టు మీద ఉండవద్దు. కొబ్బరి తోటలో దింపు జరుగుతుంటే చెట్టు కింద నిలబడి ఫొటోలు తీయవద్దు. బాత్రూము అవసరం వస్తే మొహమాటపడకుండా ఏ ఇంట్లోనైనా ఆడవాళ్లను అడగండి, కాదనేవాళ్లు ఉండరు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది మాటల సంగతి. అది తెలియకే నేను దెబ్బతిన్నాను.

1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చింది కదా, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తర్వాతి మాఘంలో మేం ముగ్గురం ఇదే దారిన అంతర్వేది బయలుదేరాం, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవం అందుకోవాలని. గండ్లు పూడ్చిన చోట్ల కొత్త మట్టి ఇంకా కుదురుకోలేదు, అడుగు వేస్తే దిగబడేది. ముగ్గురిలో గబగబా నడిచేవాణ్ని నేను. రెండో రోజు పొద్దున్న కాఫీ తాగుతూనే “రాత్రికి గన్నవరం” అనేశాను. మిగతా ఇద్దరూ తలూపారు. మధ్యాహ్నం నుంచి ఒకడు వెనకబడుతున్నాడు. నాకు విసుగు పుట్టింది. “ఇలా అయితే రథం చూసినట్టే” అని రెండుసార్లు అన్నాను. అతను నవ్వాడు. మూడోసారి అనేసరికి నవ్వలేదు. ఆ తర్వాత ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు.

దీపాలు పెట్టే వేళకు గన్నవరం చేరాం. అక్కడ అక్విడెక్టు మీద కాలువ వెళ్తుంది, కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంది. నీటి మీద నీరు. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. ఆ దగ్గరలో ఒక అరుగు మీద కూర్చుని అతను బూటు విప్పాడు. మేజోడు ఊడి రాలేదు. మడమకు అతుక్కుపోయింది. నీళ్లు పోసి నానబెట్టి, అంచు పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాడు. దాంతోపాటు రూపాయి బిళ్లంత చర్మం వచ్చేసింది. మేజోడు లోపలి భాగం గోధుమ రంగులో గట్టిపడి అట్టలా ఉంది. అంటే ఆ పుండు సాయంత్రం పడింది కాదు, ఉదయం నుంచీ ఉంది. “ఎందుకు చెప్పలేదురా?” అన్నాను. “పొద్దున్నే నువ్వు గన్నవరం అనేశావుగా” అన్నాడు.

మర్నాడు అతను బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. రెండో ఆయనా అతని వెంటే వెళ్లాడు. నేను పంతం కొద్దీ ఒక్కణ్నే నడిచాను. రథం చూశాను కూడా. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఏం చూశానో చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, అదీ నీకు.

అందుకని మీ నలుగురిలో అందరికన్నా మెల్లగా నడిచే పిల్ల ఎవరో మొదటిరోజు మధ్యాహ్నానికే తెలిసిపోతుంది. రేపు ఎంత దూరం అన్న మాట ఆ అమ్మాయి నోటి నుంచే ముందు రావాలి. గబగబా నడిచేవాళ్లు ముందు అంటే, నెమ్మదిగా నడిచేవాళ్లు కాదనలేరు. మొహమాటం మన రక్తంలోనే ఉంది. నీ నడక నాకు తెలుసు, మీ అమ్మ పోలికే. కాబట్టి నువ్వు నోరు కట్టుకోవాల్సి వస్తుంది.

ఆ మాట కూడా దారిలో వద్దు. రాత్రి అన్నాలు తిన్నాక, బూట్లు విప్పి, అందరి పాదాలూ అందరికీ కనిపించేటట్టు కూర్చుని మాట్లాడుకోండి. నడుస్తూ వాదించుకుంటే ఎవరి కాలి నొప్పి వాళ్ల గొంతులో పలుకుతుంది. దారిలో తప్పనిసరిగా తేల్చుకోవాల్సింది ఏదైనా వస్తే ఆగండి, తలా ఒక బొండం తాగండి, తర్వాత తేల్చుకోండి. సగం తగాదాలు బొండంతోనే పోతాయి. ఎన్ని కిలోమీటర్లు వచ్చామో గంటకోసారి చదివి వినిపించే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే ఆ ఫోను సంచిలో పెట్టించు.

పొద్దున మొదటి గంట ఎవరినీ పలకరించకు. మంచులో గోదావరి కనిపించదు, అవతలి గట్టు మీద ఎవరో దగ్గిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అప్పుడు కబుర్లు చెబితే ఆ చప్పుడూ పోతుంది, కబుర్లూ పోతాయి. ఎండ ఎక్కాక కబుర్లు వాటంతట అవే మొదలవుతాయి. వంటలు, పెళ్లి సంబంధాలు, ఇంటి అద్దె, ఎవరి ఆఫీసులో ఎవరు ఏమన్నారు. ఇవి చిల్లర కబుర్లని తీసిపారేయకు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఒకరి మొహం ఒకరికి కనిపించదు. ఎదురెదురుగా కూర్చుంటే ఏళ్ల తరబడి చెప్పలేని సంగతులు అప్పుడు బయటికి వస్తాయి. కాలువ మీద పనిచేసే లస్కర్లు ఇద్దరిద్దరుగా గట్టు మీద తిరిగేవారు. వాళ్లలో ఒకాయన తన ఇంటి కష్టమంతా నాకు లొల్ల లాకుల నుంచి నడుస్తూ చెప్పాడు. ఆఫీసు వరండాలో ఎదురుపడితే నమస్కారం తప్ప మరో మాట ఉండేది కాదు. నేనూ ఆ ఊసు ఎత్తలేదు. మీలో ఎవరైనా అలా చెబితే వెంటనే సలహా ఇవ్వకు (సలహాల ఉత్తరం రాస్తున్నవాణ్ని నేనే అనుకో). “ఊఁ” అంటూ నడువు. సాయంత్రం అందరి ముందూ ఆ సంగతి తీయకు.

మధ్యలో ఎవరైనా బస్సెక్కుతానంటే ఎక్కనివ్వండి. బతిమాలవద్దు, దెప్పవద్దు. తర్వాతి ఊళ్లో దిగి మీకోసం ఎదురుచూస్తుంది. రాజోలు వైపు ఆ పిల్లే ముందు వెళ్లి బస చూసి పెడుతుంది, మీకూ సుఖం.

చివర్లో గుడి దగ్గరే ఆగిపోకండి. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నలుగురూ కలిసి వెళ్లండి. నన్ను అడిగితే రథోత్సవం రోజు కాకుండా ఉత్సవాలన్నీ అయ్యాక వెళ్లమంటాను. జనంలో ఒకరినొకరు వెతుక్కోవడమే సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కితే అవతల నరసాపురం, అక్కడ రైలు ఉంది.

మీ అత్తయ్య ఆత్రేయపురం పూతరేకులు తెమ్మంటోంది. బెల్లంవి, చక్కెరవి కాదు. డబ్బాలో పెట్టించి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకో. కిందటిసారి మీ అన్నయ్య నీళ్ల సీసా కింద పెట్టి తెచ్చాడు, చెంచాతో తిన్నాం.

నీ మామయ్య