వికీపీడియాలో రాసేవారి కాపీహక్కుల సందేహాలు

ప్రశ్న: రామప్ప గుడి గురించి ఒక దినపత్రికలో వచ్చిన వ్యాసాన్ని మాటలు మార్చి తెలుగు వికీపీడియాలో చేర్చాను. మూలం కూడా ఇచ్చాను. అయినా కాపీహక్కుల ఉల్లంఘన అంటూ తీసేశారు. మూలం ఇచ్చాక ఇంకా తప్పేముంది?

జవాబు: మూలం ఇచ్చేది సమాచారం నిజమని చూపడానికి. ఇంకొకరి వాక్యాలు వాడుకునే హక్కు దానివల్ల రాదు. పాలంపేటలో ఈ గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇవి ఎవరి సొత్తూ కావు, ఎవరైనా రాసుకోవచ్చు. వాటిని ఏ వరసలో పేర్చారు, ఏది ముందు చెప్పారు, ఏది చివరికి అట్టేపెట్టారు, ఏ పోలిక వాడారు అన్నది మాత్రం ఆ వ్యాసం రాసినవారిది. ‘నిర్మించాడు’ తీసి ‘కట్టించాడు’ అని, ‘అద్భుతమైన’ తీసి ‘అబ్బురపరిచే’ అని పెట్టి, వాక్యాల వరస అలాగే ఉంచితే అది కాపీ కిందికే వస్తుంది.

రెండు మూడు మూలాలు చదవండి. పేర్లు, సంవత్సరాలు, కొలతలు మాత్రం కాగితం మీద రాసుకోండి. మూలాలన్నీ మూసేసి, మీ ప్రయోగశాల పేజీలో (వికీపీడియాలో మీ ఖాతాకు ఉండే చిత్తుప్రతి పేజీ) మీ వరసలో రాయండి. ఆ తర్వాతే మళ్ళీ తెరిచి అంకెలు సరిచూసుకుని, ఏ వాక్యానికావాక్యం మూలం చేర్చండి. తర్వాత మార్చుకుందాంలే అని పత్రిక పాఠాన్ని అతికించి భద్రపరచడం మాత్రం అస్సలు వద్దు. మీరు మార్చేసినా పాత కూర్పు పేజీ చరిత్రలో ఉండిపోతుంది, దాన్ని నిర్వాహకులు విడిగా దాచాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాన్ని తెలుగు చేయొచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. ఏ వ్యాసం నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో (పేజీ భద్రపరిచేటప్పుడు ఏం మార్చారో రాసే పెట్టెలో) లంకెతో రాయండి, చాలు.

ప్రశ్న: మా తాతగారి పద్యకావ్యం 1952లో అచ్చయింది. ఆయన 1968లో పోయారు. వికీసోర్స్‌లో (పుస్తకాల పాఠం ఉంచే వికీపీడియా సోదర ప్రాజెక్టు) పెట్టొచ్చా?

జవాబు: అనుమతి లేకుండా ఇప్పుడే కుదరదు. మన దేశంలో రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకానికి, ఆయన పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్క. మీ తాతగారిది 2028 డిసెంబరు 31 దాకా ఉంటుంది. 1915లో పోయిన గురజాడ రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1971లో కన్నుమూసిన జాషువా కావ్యాలకు 2031 చివరి దాకా ఉంది. చాలామంది అచ్చయిన ఏడాది చూసి లెక్కకట్టి పొరబడతారు. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచనకైతే ప్రచురణ నుంచే 60 ఏళ్ళు. గడువు తీరిన పుస్తకంలో కూడా, కొత్త ముద్రణకు చేర్చిన ముందుమాట, వ్యాఖ్యానం వాటిని రాసినవారివే.

వారసులుగా మీరు తలచుకుంటే గడువుకు ముందే విడుదల చేయవచ్చు. తాతగారు హక్కులు ప్రచురణకర్తకు రాసివ్వలేదని ముందు తేల్చుకోండి. వారసులందరూ ఒప్పుకున్నాక, పుస్తకం పేరు, ‘సీసీ బై-ఎస్‌ఏ 4.0’ అనే లైసెన్సు పేరు స్పష్టంగా రాసి వికీమీడియా అనుమతుల బృందానికి ఈమెయిలు పంపాలి. ‘వికీపీడియాలో వాడుకోవడానికి అనుమతిస్తున్నాం’ అని రాస్తే చెల్లదు. ఈ లైసెన్సు కింద ఎవరైనా సరే, రచయిత పేరు చెప్పి, అదే లైసెన్సుతో పుస్తకాన్ని ముద్రించి అమ్ముకోవచ్చు కూడా. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ఇంట్లో అందరికీ ఈ సంగతి విడమరిచి చెప్పాకే సంతకాలు తీసుకోండి.

ప్రశ్న: వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, సినిమా పోస్టరు కామన్స్‌లోకి (వికీపీడియాలన్నీ వాడుకునే ఉచిత బొమ్మల భాండాగారం) ఎక్కించవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవారిది, మీకు పంపినవారిది కాదు. ‘నా సొంత కృతి’ అని టిక్ పెట్టకండి. తీసినవారి చేతే, అసలు ఫైలునే ఎక్కించండి. వాట్సాప్ కాపీలో కెమెరా వివరాలు చెరిగిపోతాయి, దాంతో అనుమానం వస్తుంది. పోస్టరును మాత్రం తెలుగు వికీపీడియాలోనే, ఆ సినిమా వ్యాసం కోసం, చిన్న సైజులో, సముచిత వినియోగం (అనుమతి లేకుండా పరిమితంగా వాడుకునే వెసులుబాటు) కింద కారణం రాసి పెట్టవచ్చు. కూడలిలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని మీరే ఫొటో తీస్తే మన చట్టం అడ్డుచెప్పదు. గోడ మీద వేసిన బొమ్మకు ఆ వెసులుబాటు లేదు.