వాదన తప్పనిపిస్తుంది, ఎక్కడ తప్పో దొరకదు: నాకు పనికొచ్చిన పద్ధతి

లాజికల్ రీజనింగ్‌లో వాదన తేడాగా ఉందని తెలుస్తున్నా తప్పు పట్టుకోలేకపోతున్నానని, పోలికలు ఎలా వాడాలని అడిగారు. 2023 డిసెంబర్‌లో క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాశాను. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. నాదీ అదే ఇబ్బంది.

తిరుపతిలో మా ఎదురింటి తాతగారు సంస్కృత విద్యాపీఠంలో న్యాయశాస్త్రం (అంటే చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) చదివారు. ఒకరోజు అరుగు మీద మాక్ పేపర్ ఆయనకు చదివి వినిపించాను: "ర్యాంకర్లంతా రోజూ పేపర్ చదువుతారు. ఈ అమ్మాయి రోజూ చదువుతుంది. కాబట్టి ర్యాంకు వస్తుంది." నాకది సరిగ్గానే అనిపించింది.

"పాపా, కొండ మీద గుండు చేయించుకొని నిన్న దిగినోళ్లందరికీ గుండుంటుంది కదా? మా మనవడికీ గుండుంది. వాడూ కొండకు పొయ్యొచ్చినాడా?" అన్నారు. వాడు పక్కనే మామిడికాయ కొరుకుతున్నాడు. సెగ్గడ్డలు లేచాయని వీధి చివర సెలూన్‌లో కొట్టించిన గుండు అది. తప్పు అప్పుడు కళ్లకు కట్టింది. పొగ ఉంటే నిప్పుంటుంది, వంటింట్లో చూస్తాం. నిప్పుంటే పొగ ఉంటుందంటే మాత్రం ఎర్రగా కాలిన ఇనుప ముద్ద అడ్డొస్తుందని ఆయనే చెప్పారు.

చేయాల్సింది ఇదీ: విషయం తీసేసి వాదన ఎముకలు మాత్రం ఉంచండి. "అందరూ", "కొందరు", "అయితేనే" లాంటి మాటలు కదపకూడదు. ఆ ఎముకల మీద, ఆధారాలు కచ్చితంగా నిజమై, ముగింపు కచ్చితంగా అబద్ధమని మీకు తెలిసిన ఇంటి విషయం పెట్టండి. నేను మొదట్లో "కొందరు"ని తెలియకుండానే "చాలామంది" చేసేసేదాన్ని, పోలిక చెడిపోయేది. అదే రకం తప్పున్న ఆప్షన్ వెతకమన్నప్పుడు, ప్యాసేజ్ చెరువుల గురించైతే చెరువుల ఆప్షనే టిక్ పెట్టేదాన్ని. అక్కడ చూడాల్సింది విషయం కాదు, అల్లిక.

వాదనను బలహీనపరచమనే ప్రశ్నల్లో మాత్రం పోలిక సగం దారే తీసుకెళ్తుంది. "తోతాపురి మామిడి కాపు పెరిగింది, ధర పడింది, కాబట్టి కాపే కారణం" అన్నారనుకోండి. వేరే కారణం ఉండొచ్చని పోలిక చూపిస్తుంది, అంతే. గుజ్జు ఫ్యాక్టరీలు ఆ ఏడు కొనడం తగ్గించాయనే ఆప్షన్‌ను మీరే వెతుక్కోవాలి.

పరీక్ష హాల్లో ప్రతి ప్రశ్నకూ పోలిక అల్లే టైం ఉండదు. నేను ఇంట్లో, మాక్‌లో తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన మార్జిన్‌లో ఒక పోలిక రాసుకునేదాన్ని. రెండు నెలలకు గుండు లాంటి వాదన కనబడగానే గుర్తుపట్టడం వచ్చింది.