స్తంభాల గుంతలకు కాంక్రీటు: ఒకే కొలతలకు రెండు యాప్‌లలో రెండు జవాబులెందుకు?

ప్రశ్న: కంచె కోసం 20 స్తంభాలు పాతాలి. గుండ్రటి గుంత వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 75. అడుగున 10 సెంటీమీటర్ల మందాన కంకర పరిచి, దానిపై 10 సెంటీమీటర్ల నలుచదరపు స్తంభం నిలిపి, మిగతాదంతా కాంక్రీటుతో నింపుతాను. ఫోన్‌లో ఒక యాప్ 3.68 ఘనపు మీటర్లు కావాలంటే, మరొకటి 0.92 చాలంటోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: 3.68ని 0.92తో భాగించి చూడండి, సరిగ్గా 4 వస్తుంది. మొదటి యాప్ అడిగింది వ్యాసార్ధం, మీరు ఇచ్చింది వ్యాసం. గుంత వెడల్పు లెక్కలో రెండుసార్లు గుణింపబడుతుంది కాబట్టి, అది రెట్టింపైతే జవాబు నాలుగింతలవుతుంది. ఆ గడిలో 15 వేస్తే రెండు యాప్‌లూ ఒకే మాట చెబుతాయి.

అయినా 0.92 కూడా మీకు కావలసిన అంకె కాదు, ఎందుకంటే గుంతలో స్తంభం ఆక్రమించే చోటును ఆ యాప్ తీసివేయలేదు. ఇలాంటి పనికి యాప్ కంటే స్ప్రెడ్‌షీటే మేలని నా అభిప్రాయం. ఏది కలిపారో, ఏది తీసేశారో అందులో కళ్లెదుట కనిపిస్తుంది. కొలతలన్నీ ముందుగా మీటర్లలోకి మార్చుకోండి. 0.785 అంటే గుండ్రటి గుంతకు వాడే పై (π)లో నాలుగో వంతు, 0.65 అంటే 75 సెంటీమీటర్ల లోతులోంచి కంకర మందం 10 తీసేయగా మిగిలింది. 0.30 × 0.30 × 0.785 × 0.65 అంటే దాదాపు 0.046 ఘనపు మీటర్లు. అందులోంచి స్తంభం భాగం, అంటే 0.10 × 0.10 × 0.65, తీసేస్తే గుంతకు సుమారు 39.5 లీటర్లు మిగులుతుంది. ఇరవై గుంతలకు 0.79 ఘనపు మీటర్లు. ఒలికిపోయేదానికి, గుంత గోడల ఎగుడుదిగుళ్లకు 10 శాతం కలిపితే 0.87.

అసలు జాగ్రత్త టేపు దగ్గరే ఉండాలి. లోతులో 5 సెంటీమీటర్లు ఎక్కువైతే కాంక్రీటు 8 శాతం లోపే పెరుగుతుంది, అదే వెడల్పు 30కి బదులు 35 అయితే 42 శాతం పెరుగుతుంది. గడ్డపారతో తవ్విన గుంత పైన ఒకలా, అడుగున ఒకలా ఉంటుంది కనుక, నాలుగైదు గుంతల్లో పైన, మధ్యన, కింద కొలిచి సగటు వేసి, ఆ సగటునే గడిలో ఇవ్వండి.

సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపేటట్లయితే, తడి ఘనపరిమాణాన్ని 1.54తో గుణించి (నీళ్లు కలిపాక పొడి సరుకు కుదించుకుపోతుంది కాబట్టి), పాళ్ల మొత్తమైన 7తో (1+2+4) భాగిస్తే సిమెంటు వాటా వస్తుంది; ఘనపు మీటరు సిమెంటు 1440 కిలోలని తీసుకుంటే మీకు దాదాపు 275 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఆరు అవసరమవుతాయి. అంకెను పై పూర్ణసంఖ్యకు పెంచే రౌండప్ ఫంక్షన్‌ను స్ప్రెడ్‌షీట్‌లో ఈ చివరి గడిలో మాత్రమే వాడండి. ఒక్కో స్తంభానికి పావు బస్తా పైచిలుకు వచ్చినచోటే దాన్ని వాడితే, అది ప్రతి స్తంభానికీ ఒక నిండు బస్తా లెక్కగట్టి, ఆరు బస్తాల పనికి ఇరవై చూపిస్తుంది.