ఇంజన్ చల్లగా ఉండటం మంచి లక్షణం కాదమ్మా

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. కారు టెంపరేచర్ ముల్లు పావు వంతు దాటడం లేదని, హైవే ఎక్కితే ఇంకా కిందికి దిగుతోందని, మైలేజ్ 17 నుంచి 12కి పడిపోయిందని రాశావు. షెడ్డులో అడిగితే "చల్లగా ఉంటే మంచిదే కదా మేడమ్, వేడెక్కితేనే కదా భయం" అన్నారట. ఆ మాట మాత్రం నమ్మకు. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం థర్మోస్టాట్ వాల్వ్ మీదే. అది తెరుచుకుని అలాగే బిగుసుకుపోయి ఉండాలి, లేదంటే నువ్వు కొనకముందే ఎవరో దాన్ని పూర్తిగా పీకేసి ఉండాలి. అలాగని అనుమానం మీద సామాన్లు మార్చేయకూడదు, చూసి మార్చాలి. చాలావరకు నువ్వే చూసుకోవచ్చు.

ముందు విషయం అర్థం చేసుకో. ఇంజన్‌లో తిరిగే నీళ్ళు, అంటే కూలెంట్, సుమారు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటేనే ఇంజన్ సరిగ్గా పనిచేస్తుంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది కాబట్టి కూలెంట్ రేడియేటర్‌లోకి పోకుండా ఇంజన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. వాల్వ్ లోపల మైనం లాంటి పదార్థం ఉంటుంది, వేడికి అది ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, అప్పుడు రేడియేటర్‌కి దారి తెరుచుకుంటుంది. ఆ వాల్వ్ మూసుకోకపోతే మొదటి నిమిషం నుంచే కూలెంట్ అంతా రేడియేటర్‌లో చల్లారి వస్తుంటుంది, ఇక ఇంజన్ ఎప్పుడు వేడెక్కుతుంది? అందులోనూ ఆదిలాబాద్ చలిలో, ఎదురుగాలి కొట్టే హైవే మీద. ట్రాఫిక్‌లో ముల్లు కాస్త లేచి, రోడ్డు ఎక్కగానే పడిపోతోందంటే దాదాపు ఇదే జబ్బు.

ఇంజన్ చల్లగా ఉందని కారులోని కంప్యూటర్ అనుకున్నంతసేపు పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నీ మైలేజ్ అక్కడే పోతోంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడు, మీగడ లాంటి తెల్లటి జిగురు కనిపించవచ్చు. అది చూపించి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం హెడ్‌కి, కింది బ్లాక్‌కి మధ్య ఉండే ప్యాకింగ్) పోయిందని ఎవరైనా భయపెడితే వెంటనే ఒప్పుకోకు. కూలెంట్ తగ్గకుండా, ఆయిల్ గేజ్ కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, మూత కింద మాత్రమే జిగురు ఉంటే చాలాసార్లు అది చలి ఇంజన్ తేమే. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం గ్యాస్కెట్ సంగతి చూడాల్సిందే.

అన్నిటికంటే ముందు కూలెంట్ చూడు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే. పక్కనున్న డబ్బాలో మట్టం గీతల మధ్య ఉందా, రేడియేటర్‌కి మూత ఉంటే అది తీసి అంచు వరకు నిండుగా ఉందా చూడు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, కూలెంట్ తగ్గిపోతే వేడి కొలిచే సెన్సర్ గాలిలో ఉండిపోతుంది, లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు చల్లగానే చూపిస్తుంది. అలా ముల్లుని నమ్ముకుని హెడ్ వంగిపోయిన కార్లు మా ఆటోనగర్‌కి టో చేసుకుని వచ్చేవి.

కూలెంట్ సరిగ్గా ఉంటే రెండో పని, ముల్లు నిజం చెబుతోందా లేదా. స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ డాంగిల్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే రీడింగులన్నీ కనిపిస్తాయి. రాత్రంతా ఆగిన కారులో, పొద్దున్న ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, కూలెంట్ టెంపరేచర్, లోపలికి వెళ్ళే గాలి టెంపరేచర్ రెండూ చూడు. రెండూ బయటి చలికి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. గాలి 12 అని, కూలెంట్ మైనస్ 40 అని చూపిస్తే సెన్సర్ కనెక్టర్ ఊడింది లేదా వైరు తెగింది, అప్పుడు థర్మోస్టాట్ జోలికి వెళ్ళక్కర్లేదు. రెండూ సరిగ్గా ఉండి, 20 నిమిషాలు నడిపినా కూలెంట్ 60, 65 దగ్గరే ఆగితే ముల్లు నిజమే చెబుతోంది. పి0128 అనే కోడ్ కూడా కనబడవచ్చు, కూలెంట్ ఉండాల్సినంత వేడికి చేరలేదని దాని అర్థం. ఆ కోడ్ వాల్వ్ పోయిందని చెప్పదు, వేడి చాలలేదని మాత్రమే చెబుతుంది.

ఇప్పుడు చేత్తో చూసే పరీక్ష. నాకు స్కానర్ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆపి, బానెట్ ఎత్తు. రేడియేటర్ పైభాగం నుంచి ఇంజన్‌కి వెళ్ళే లావు రబ్బరు పైపు ఉంటుంది, దాన్ని రేడియేటర్ దగ్గర పట్టుకో. చున్నీ, జడ వెనక్కి కట్టుకో, కరెంట్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. వాల్వ్ బాగుంటే ఇంజన్ వేడెక్కుతున్నా ఆ పైపు కొన్ని నిమిషాలు చల్లగానే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా వేడి తన్నుకొచ్చి చెయ్యి పెట్టలేనంత అవుతుంది. వాల్వ్ తెరుచుకుని ఉంటే ఆ 'ఒక్కసారిగా' అనేది ఉండదు, రెండో నిమిషం నుంచే పైపు గోరువెచ్చగా మొదలై ఇంజన్‌తో పాటే మెల్లగా వేడెక్కుతుంది. కొన్ని కార్లలో వాల్వ్ కింది పైపు వైపు ఉంటుంది, అలాంటప్పుడు పై పైపుని బట్టి తేల్చకు, కింది పైపు చూడాలి. నీ కారులో ఎటు ఉందో ఫోటో పంపితే చెబుతాను.

ఫ్యాన్ కూడా గమనించు. ఏసీ ఆపి ఉండగా, చల్లటి ఇంజన్‌కి ఫ్యాన్ తిరగకూడదు. మొదటి నుంచే తిరుగుతుంటే రిలే (ఫ్యాన్‌కి కరెంట్ ఇచ్చే స్విచ్) అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా సెన్సర్ రీడింగ్ రాక కంప్యూటరే జాగ్రత్త కోసం తిప్పుతూ ఉండవచ్చు. కానీ వాల్వ్ సరిగ్గా మూసుకుంటే ఫ్యాన్ ఒక్కటే ఇంజన్‌ని ఇంత చల్లబరచలేదు.

వాల్వే అని తేలాక షెడ్డుకి వెళ్ళు, కానీ వాల్వ్ కూర్చునే గూడు, అదే హౌసింగ్, నీ ఎదురుగానే విప్పమను. లోపల వాల్వ్ లేకపోతే ఆశ్చర్యపోకు. మన ఎండలకి ఇది అక్కర్లేదని పీకేసే అలవాటు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. నాకు కోపం తెప్పించే పని ఇదే. ఎవరో కారు వేడెక్కుతోందని తెస్తారు, రేడియేటర్ పూడిపోయిందో, ఫ్యాన్ తిరగడం లేదో, వాటర్ పంపు అరిగిందో చూడకుండా వాల్వ్ తీసేసి పంపిస్తారు, ముల్లు దిగుతుంది, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. పైగా చాలా ఇంజన్లలో వాల్వ్ తీసేస్తే బైపాస్ దారి ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కి వెళ్ళకుండానే వెనక్కి వస్తుంది, మే నెల ట్రాఫిక్‌లో ఇంజన్ ఇంకా వేడెక్కినా ఎక్కుతుంది.

వాల్వ్ ఉంటే దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు. చల్లగా ఉన్నప్పుడు చిన్న గాలి రంధ్రం తప్ప ఎక్కడా సందు కనిపించకూడదు. సందు కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. సందు లేకపోతే ఇంటికి తీసుకెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచు. జ్వరం చూసే థర్మామీటర్ కాదు, 100 డిగ్రీల దాకా చూపించేది. వాల్వ్ అంచు మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది, ఆ వేడికి అటూఇటూగా తెరుచుకోవడం మొదలుపెట్టాలి. 60 దగ్గరే తెరుచుకుంటే అది పనికిరాదు. దించాక చల్లారుతుంటే పూర్తిగా మూసుకుంటోందా అనేది కూడా చూడు, కొన్ని తెరుచుకున్నాక సగంలోనే ఆగిపోతాయి.

కొత్తది అదే అంకెది, మంచి కంపెనీది వేయించు. మామూలు పెట్రోల్ కార్లకి కొన్ని వందల్లోనే వస్తుంది, హౌసింగ్‌తో కలిపి వచ్చేదైతే ఇంకాస్త ఎక్కువ. తక్కువ డిగ్రీలది వేస్తాను, చల్లగా ఉంటుంది అంటే వద్దని చెప్పు. గాలి రంధ్రం ఉన్న వైపు పైకి ఉండాలి, ప్యాకింగ్ కొత్తది పడాలి. కూలెంట్ కలిపి వచ్చేదే కొను, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపమను. బోరు నీళ్ళు మాత్రం పోయనివ్వకు, రేడియేటర్‌లో చిలుం పట్టేస్తుంది. పోశాక ఎయిర్ పూర్తిగా తీయించు, గాలి ఇరుక్కుంటే ముల్లు ఎగిరెగిరి పడుతూ మళ్ళీ నిన్ను కంగారు పెడుతుంది.

మీ ఆయన డీజిల్ బండి సంగతి కూడా అడిగావు. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ అయితే ఇంకా జాగ్రత్త. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే పొగ ఫిల్టర్ తనని తాను కాల్చి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టదు, అది మూసుకుపోయాక అయ్యే ఖర్చు ముందు ఈ వాల్వ్ ఖర్చు లెక్కలోకే రాదు.

వాల్వ్ మార్చాక మొదటి వారం స్కానర్ పెట్టుకునే తిరుగు. 80 దాటి 95 లోపు నిలకడగా ఉంటే సరిపోయినట్టే, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాన్ తిరిగే దాకా కాస్త పైకి పోయినా కంగారుపడకు. పాత వాల్వ్ ఎవరో పీకేసిన కారే అయితే, అప్పుడు దాచిపెట్టిన జబ్బు ఇప్పుడు బయటపడే అవకాశం ఉంది. 105 దాటి ఇంకా పైకి పోతుంటే ఏసీ ఆపి, పక్కకి తీసి, ఇంజన్ ఆపేసి నాకు ఫోన్ చెయ్. ఆ వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎవరు చెప్పినా తీయకు.

బాబాయ్