రాత్రిపూట పొలానికి వెళ్లాలంటే పాముల భయం: ఏం చేయాలి?

రాత్రి మోటారు వేయడానికి పొలం వెళ్లాలంటే పాము భయంతో అడుగు పడడం లేదని అడిగారు. భయాన్ని అణచుకోవడం కంటే, అది దేని గురించో విడదీసి చూసుకోవడం మేలు. మన పాముల్లో చాలావాటికి ప్రమాదకరమైన విషం ఉండదు. ఎక్కువ మరణాలకు కారణమయ్యే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు మందు ఒక్కటే. గట్టు మీద కాలు మోపే ముందు ఆ చోట టార్చి వెలుగు పడాలి, కాళ్లకు గంబూట్లు ఉండాలి. కట్లపాము చాలాసార్లు నిద్రలో ఉన్నవారిని, నొప్పి కూడా తెలియకుండా కాటేస్తుంది కనుక, నాకైతే పొలం కంటే కటిక నేల మీద పడకే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. మంచం, దోమతెర వాడండి. మందు దొరికే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. కాటు పడితే తాడు బిగించకుండా, గాటు పెట్టకుండా, కాటుపడ్డ కాలు లేదా చేయి కదలనీయకుండా నేరుగా అక్కడికే వెళ్లాలి.