బుగ్గ కార్లు పోయాక ఏ లైటుకు దారివ్వాలి?

"ఎర్ర, నీలం, పసుపు లైట్లు మెరుస్తూ వచ్చే బండ్లలో దేనికి దారివ్వాలి?" అని అడిగారు. మాది విజయవాడ, రోజంతా ఏలూరు రోడ్డు మీదే నా తిరుగుడు. నాకు తెలిసింది చెప్తాను.

చిన్నప్పుడు బుగ్గ కారు కనిపిస్తే మంత్రిగారో కలెక్టరుగారో అనుకుని పక్కకు జరిగేవాళ్లం. బుగ్గ పోయింది గానీ ఆ బెదురు పోలేదు. 2017 మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధాని కార్లతో సహా అన్నిటికీ ఎర్రబుగ్గలు తీసేశారు. ఎరుపు, నీలం, తెలుపు కలిసి మెరిసే లైట్లు ఇప్పుడు ఫైరింజను, పోలీసు, విపత్తు సహాయం లాంటి అత్యవసర పనుల బండ్లకే. రోడ్డు పనుల బండి మీద పసుపు లైటు తిరుగుతుంటే దారి ఇమ్మని కాదు, చూసుకుని నెమ్మదిగా పొమ్మని.

ఆ బెదురు వల్లే ఒకసారి వెర్రివెంగళప్పనయ్యాను. వెనక కారు అద్దంలోంచి ఎరుపు, నీలం టపటపా కొడుతుంటే స్కూటర్ని కాలవ అంచుదాకా దించాను. ఆ కారు నన్ను దాటి వెళ్లి వంద గజాల్లో ఆగింది. డ్రైవరు దిగి పునుగుల బండి దగ్గర నిలబడ్డాడు. అలాంటి లైట్లు సొంత కారుకు పెట్టుకోకూడదు.

అంబులెన్సుకు మాత్రం రంగు చూడకండి, సైరన్ వినగానే ఎడమకు జరగండి. మా అమ్మను గుంటూరు నుంచి తెస్తున్నప్పుడు మంగళగిరి, వారధి దాకా బాగానే వచ్చాం. బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయాం. ముందు వరస బైకుల వాళ్లు గీత దాటితే చలానా పడుతుందని కదల్లేదు. మా డ్రైవరు మైకులో, "ఎర్ర చొక్కా తమ్ముడూ, కాస్త ఎడమకి! నీ పక్కన అన్నయ్యా, నువ్వు కూడా!" అని ఒక్కొక్కరినీ పిలిచి జరిపించాడు. చివరికి కానిస్టేబులే వచ్చి చెయ్యి ఊపితే దారి తెరుచుకుంది. నిజానికి దారివ్వకపోవడమే నేరం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

అక్కణ్ణుంచి మరో తమాషా. వెనక అద్దంలోంచి చూస్తే, మాకు దొరికిన దారిలో ఐదు బైకులు మమ్మల్ని అంటుకునే వస్తున్నాయి. అందులో ఒకదాని మీద ముగ్గురు.